గవర్నెన్స్ పరిశోధనలో లెక్క ఎక్కడ తప్పుతుంది: లక్షణం, కారణం, సవరణ

కార్పొరేట్ ఫైనాన్స్, గవర్నెన్స్ (కంపెనీని నడిపేవారిపై అదుపు), వ్యాపార నైతికతల మీద పీహెచ్‌డీ చేస్తున్నవారు నా దగ్గరికి తెచ్చే సందేహాల్లో ఎక్కువ భాగం సాఫ్ట్‌వేర్ గురించే. ఏ కమాండ్ వాడాలి, ఏ పరీక్ష చేయాలి అని అడుగుతారు. పట్టికలు ముందు వేసుకుని కూర్చుంటే జబ్బు చాలాసార్లు మరోచోట బయటపడుతుంది. ఆ అంకెను మొదట ఎవరు నింపారు, ఏ నిబంధన కింద నింపారు, నింపిన రోజున వాళ్ల అవసరం ఏమిటి అన్నది ఎవరూ అడిగి ఉండరు. భారతీయ లిస్టెడ్ (స్టాక్ ఎక్స్ఛేంజీల్లో నమోదైన) కంపెనీల డేటాతో పనిచేసేవారికి తరచుగా ఎదురయ్యే చిక్కులు ఇక్కడ రాస్తున్నాను. మీ పట్టికలో కనిపించిన లక్షణాన్ని బట్టి వెతుక్కోండి.

అమ్మకాలు ఒక ఏడాది ఎగిరి, మరుసటి ఏడాది పడిపోయాయి

ముందుగా ఆ సంవత్సరానికి ఎన్ని నెలలున్నాయో చూడండి. 1956 నాటి కంపెనీల చట్టం కింద ఆర్థిక సంవత్సరం 15 నెలల దాకా ఉండవచ్చు. రిజిస్ట్రార్ అనుమతిస్తే 18 నెలలు. 2013 చట్టం వచ్చాక, కొన్ని మినహాయింపులు పోను, అందరికీ మార్చి 31 ముగింపు తప్పనిసరైంది. ఆ మార్పు సమయంలో 9 నెలల ఖాతాలు, 15 నెలల ఖాతాలు చాలా వచ్చాయి.

డేటాబేస్‌లో నెలల సంఖ్య చూపే వరుసను కూడా దింపుకోండి. అమ్మకాలు, లాభం, వడ్డీ ఖర్చు వంటివాటిని నెలల సంఖ్యతో భాగించి 12తో గుణించండి. ఆస్తులు, అప్పులు ఒక తేదీ నాటి నిల్వలు కాబట్టి వాటిని ముట్టుకోకూడదు. ఈ తేడా మరచి అన్నిటినీ గుణించిన ముసాయిదాలు నేను చూశాను.

తేడా సరిగ్గా పది రెట్లుంటే అది కోట్లకూ మిలియన్లకూ మధ్య పొరపాటు. 2016-17 లేదా 2017-18 దగ్గర విరుపు కనిపిస్తే ఇండ్ ఏఎస్ అనే కొత్త అకౌంటింగ్ ప్రమాణాలకు మారిన సంవత్సరం అది. పోల్చడానికి పాత సంవత్సరపు అంకెలను కొత్త పద్ధతిలో తిరిగి చూపిన మొదటి వార్షిక నివేదికను తీసుకోండి.

2009కి ముందు ప్రమోటర్లెవరూ షేర్లు తనఖా పెట్టినట్టు లేదు

పెట్టారు. ప్రమోటర్లకు, అంటే కంపెనీని స్థాపించి అదుపులో ఉంచుకునేవారికి, ఆ సంగతి చెప్పాల్సిన అవసరం లేకపోయింది, అంతే. హైదరాబాద్‌లోని ఐటీ కంపెనీ సత్యం కుంభకోణం బయటపడిన కొద్ది రోజులకే, 2009 జనవరిలో, ప్రమోటర్ల తనఖా వివరాలను వెల్లడించాలని షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిర్ణయించింది. అంతకుముందు సంవత్సరాల్లో మీరు చూస్తున్న సున్నా నిజమైన సున్నా కాదు, ఖాళీ గడి. ఆ గడులను ఖాళీగానే ఉంచి, అధ్యయన కాలాన్ని వెల్లడి తప్పనిసరైన తేదీ తర్వాత నుంచి మొదలుపెట్టండి. అలా చేయకపోతే "2009 తర్వాత తనఖాలు విపరీతంగా పెరిగాయి" అనే తప్పుడు వాక్యం మీ సిద్ధాంత గ్రంథంలోకి వస్తుంది.

స్వతంత్ర డైరెక్టర్లు పెరిగితే లాభదాయకత తగ్గుతున్నట్టు వస్తోంది

నా దగ్గరికి అన్నిటికంటే ఎక్కువగా వచ్చే ఫిర్యాదు ఇది. దీని వెనుక మూడు కారణాలు ఒకదానితో ఒకటి పెనవేసుకుని ఉంటాయి.

మొదటిది, అంకెలో చలనం లేకపోవడం. చట్టం లిస్టెడ్ కంపెనీకి కనీసం మూడో వంతు స్వతంత్ర డైరెక్టర్లు కావాలంటుంది. చైర్మన్ ప్రమోటరో, కంపెనీని నడిపే వ్యక్తో అయితే సెబీ నిబంధనల ప్రకారం సగం కావాలి. కంపెనీలు ఆ గీతను దాటి ఆగుతాయి. అందువల్ల మీ వరుసలో కనిపించే తేడా బోర్డు స్వభావం కన్నా చైర్మన్ కుర్చీలో ఎవరున్నారన్నదాన్నే ఎక్కువగా చెబుతుంది.

రెండోది, కారణం తలకిందులు కావడం. లాభాలు పడిపోయిన కంపెనీ, మదుపర్లకు భరోసా ఇవ్వడానికి పేరున్న డైరెక్టర్లను తెచ్చుకోవచ్చు. అప్పుడు నష్టం ముందు, డైరెక్టర్ తర్వాత. బోర్డు అంకెలను ఒక ఏడాది వెనక్కి జరిపితే సరిపోతుందని చాలామంది నమ్ముతారు. సరిపోదు. బోర్డు కూర్పు ఏళ్ల తరబడి పెద్దగా మారదు కాబట్టి నిరుటి అంకె, ఈ ఏటి అంకె దాదాపు ఒకటే. కంపెనీ తనకు తానుగా ఎంచుకోని మార్పు కావాలి. బోర్డు కూర్పు వంటి గవర్నెన్స్ నియమాలున్న క్లాజ్ 49ను సెబీ 2000లో తెచ్చినప్పుడు మొదట పెద్ద కంపెనీలకు, తర్వాత చిన్నవాటికి దశలవారీగా వర్తింపజేసింది. బెర్నార్డ్ బ్లాక్, విక్రమాదిత్య ఖన్నాలు 2007లో ప్రచురించిన అధ్యయనం ఈ తేడానే ఆధారం చేసుకుని, ఈ సంస్కరణల గురించి సెబీ 1999 మేలో చేసిన ప్రకటనకు పెద్ద, చిన్న కంపెనీల షేర్లు ఎలా స్పందించాయో పోల్చింది. మీరూ అదే దారిలో, నిబంధన రాకముందే దాన్ని పాటిస్తున్న కంపెనీలను, నిబంధన వల్ల మారక తప్పని కంపెనీలతో పోల్చండి. మార్పుకు ముందు సంవత్సరాల్లో రెండు వర్గాలూ ఒకే పోకడలో ఉన్నాయో లేదో బొమ్మ గీసి చూపండి. ఆ బొమ్మ బాగా రాకపోతే దాచిపెట్టకండి.

మూడోది, అన్నిటికన్నా లోతైనది: మీరు కొలుస్తున్నది కాగితం మీది స్వాతంత్ర్యం. సత్యం బోర్డులో స్వతంత్ర డైరెక్టర్లే ఎక్కువమంది. పేరున్న ఆచార్యులున్నారు. 2008లో ఆ కంపెనీకి కార్పొరేట్ గవర్నెన్స్‌కే గోల్డెన్ పీకాక్ అవార్డు వచ్చింది. అదే ఏడాది డిసెంబర్ 16న, ప్రమోటర్ కుటుంబానికి చెందిన రెండు మేటాస్ కంపెనీలను 160 కోట్ల డాలర్లకు కొనే ప్రతిపాదనను ఆ బోర్డు ఆమోదించింది. మదుపర్లు తిరగబడితే గంటల్లోనే వెనక్కి తీసుకున్నారు. మూడు వారాల తర్వాత, 2009 జనవరి 7న, సత్యం చైర్మన్ రామలింగరాజు లేఖ వచ్చింది: పుస్తకాల్లో చూపిన 5,361 కోట్ల రూపాయల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేనే లేవు. ఏ గవర్నెన్స్ సూచికలో పెట్టినా 2008 మార్చి నాటి సత్యానికి మంచి మార్కులే పడేవి. హైదరాబాద్‌లో ఈ విషయం మీద పనిచేసే ఎవరైనా ఆ సూచికలను కళ్లు మూసుకుని నమ్మడం నాకు బాధ కలిగిస్తుంది.

కాబట్టి సంఖ్యతో ఆగకండి. డైరెక్టర్ ఎన్నేళ్లుగా ఉన్నారు, ప్రమోటర్‌తో కలిసి చదివారా, అదే గ్రూపులో ఇంకెన్ని బోర్డుల్లో ఉన్నారు అన్నవి వార్షిక నివేదికలు చదివి చేత్తో నమోదు చేయండి. గడువుకు ముందే తప్పుకునే స్వతంత్ర డైరెక్టర్ వివరమైన కారణాలు చెప్పాలని 2019 ఏప్రిల్ నుంచి నిబంధన ఉంది. ఆ రాజీనామా లేఖలు ఎక్స్ఛేంజీల వద్ద అందరికీ దొరుకుతాయి. "వ్యక్తిగత కారణాలు" అని ఒక్క ముక్కతో ముగించినవి, నిజంగా ఏదో చెప్పినవి వేరు చేస్తే చాలు, ఒక మంచి అధ్యాయం అవుతుంది. శ్రమే, కానీ డేటాబేస్ ఇవ్వలేనిది ఇదే.

ఫిక్స్‌డ్ ఎఫెక్ట్స్ పెట్టగానే ప్రమోటర్ వాటా ప్రభావం మాయమైంది

ప్రమోటర్ వాటా ఏళ్ల తరబడి కదలకుండా ఉంటుంది. ప్రతి కంపెనీని దానితోనే పోల్చే ఫిక్స్‌డ్ ఎఫెక్ట్స్ కదలని భాగాన్నంతా తుడిచేస్తాయి, మిగిలేది చిటికెడు. నక్షత్ర గుర్తులు (ఫలితం గణాంకపరంగా ముఖ్యమని చూపేవి) పోయాయని ఫిక్స్‌డ్ ఎఫెక్ట్స్‌నే తీసేయడం పరిష్కారం కాదు. వాటా బలవంతంగా కదిలిన సందర్భం వెతకండి: ప్రైవేటు రంగ లిస్టెడ్ కంపెనీల్లో కనీసం 25 శాతం వాటా ప్రజల చేతిలో ఉండాలన్న నిబంధనకు 2013 జూన్ గడువు. అప్పుడు 75 శాతం దాటి ఉన్న ప్రమోటర్లు వాటా తగ్గించుకోవాల్సి వచ్చింది. స్టాండర్డ్ ఎర్రర్లను (అంచనాలోని అనిశ్చితి కొలతలను) కంపెనీ వారీగా క్లస్టర్ చేయడం, అంటే ఒకే కంపెనీ అంకెలను ఒక గుంపుగా లెక్కించడం, మరవకండి.

ఇంకో మాట. చెల్లాచెదురుగా ఉన్న వాటాదారులకూ మేనేజర్‌కూ మధ్య తగవు గురించి అమెరికాలో పుట్టిన సిద్ధాంతాన్ని ఇక్కడ యథాతథంగా పరికల్పనగా రాసుకుంటే ఫలితం అర్థం కాదు. మన దగ్గర తగవు ప్రమోటర్‌కూ చిన్న వాటాదారుకూ మధ్య.

నైతికత సర్వేలో అందరూ ఐదుకు నాలుగున్నర

పేరు, హోదా రాయించుకుని "మీ సంస్థలో లంచం ఇస్తారా" అని అడిగితే నిజం ఎవరు చెబుతారు? ఉద్యోగం పోతుందన్న భయం వాళ్లది. అది న్యాయమైన భయం. ఇక్కడ 1965లో స్టాన్లీ వార్నర్ ప్రతిపాదించిన ఆలోచన నుంచి వచ్చిన పద్ధతి పనికొస్తుంది. జవాబిచ్చేవారు మీకు కనపడకుండా నాణెం ఎగరేస్తారు. బొమ్మ పడితే ఏదేమైనా "అవును" అనాలి, బొరుసు పడితే నిజం చెప్పాలి. 200 మందిలో 130 మంది "అవును" అన్నారనుకోండి. సుమారు 100 నాణెం చెప్పించినవి. మిగిలిన 100 మందిలో 30 మంది నిజంగా అవునన్నారు, అంటే 30 శాతం. "అవును" అన్న ఏ ఒక్కరి జవాబు నుంచీ ఆ వ్యక్తి సంగతి తేల్చలేం. దీనికి నమూనా పెద్దది కావాలి, ఆ మేరకు ముందే ప్రణాళిక వేసుకోండి.

సీఎస్‌ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) ఖర్చును నైతికతకు కొలమానంగా పెట్టుకున్నవారికి: 2014 ఏప్రిల్ నుంచి 500 కోట్ల నికర విలువ, 1,000 కోట్ల టర్నోవర్, 5 కోట్ల నికర లాభం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా సగటు లాభంలో 2 శాతం ఖర్చు చట్టం కోరుతుంది. చట్టం కోరిన ఖర్చు స్వభావాన్ని చెప్పదు. రెండు శాతం పైన ఎంత పెట్టారో చూడండి.

అన్నీ సరిగ్గా ఉన్నా ఫలితం మరీ అందంగా ఉంది

నమూనా ఎలా ఎంచారో చూడండి. ఇవాళ్టి లిస్టెడ్ కంపెనీల జాబితా తీసుకుని పదిహేనేళ్లు వెనక్కి వెళ్లి ఉంటే, మధ్యలో మునిగినవి, డీలిస్టయినవి, విలీనమైనవి రాలిపోయాయి. సత్యం 2013లో టెక్ మహీంద్రాలో కలిసిపోయింది, కాబట్టి మీ పట్టికలో ఆ పేరే ఉండదు. ప్రతి మార్చి 31 నాటి జాబితాను విడిగా కూర్చండి. ఒకసారి చేరిన కంపెనీని అది వెళ్లిపోయే రోజు దాకా ఉంచి, ఎందుకు వెళ్లిందో ఒక వరుసలో రాయండి. డేటాబేస్‌లోని సత్యం 2008 అంకెలు కంపెనీ ప్రకటించినవే తప్ప జరిగినవి కావు. వాటి పక్కన గుర్తు పెట్టి, వాటితో ఒకసారి, అవి లేకుండా ఒకసారి రిగ్రెషన్ (అంకెల మధ్య సంబంధపు లెక్క) నడిపి, రెండు పట్టికలూ గ్రంథంలో పక్కపక్కన ఇవ్వండి.