కప్పుల లెక్కను గ్రాముల్లోకి మార్చితే కేక్ తేడా కొడుతోందా?

ఓవెన్‌ని అనుమానించే ముందు మైదా లెక్క ఒకసారి చూడండి. ఎక్కువగా తప్పు దొర్లేది అక్కడే.

సమస్య: కేక్ బరువుగా, పొడిపొడిగా వస్తోంది, పైన పగులుతోంది.

కారణం: మైదా ఎక్కువ పడింది. కప్పు మైదా బరువు, కప్పు నింపిన తీరును బట్టి మారుతుంది. పిండిని చెంచాతో వదులుగా వేసి, కప్పు అంచు మీద చాకుతో అడ్డంగా గీసేస్తే సుమారు 120 గ్రాములు తూగుతుంది. అదే కప్పును నేరుగా డబ్బాలో ముంచి తీస్తే పిండి లోపల అణిగిపోయి 140 నుంచి 150 దాకా పోతుంది. రెండు కప్పుల కేక్‌లో 60 గ్రాముల తేడా వచ్చిందంటే, అరకప్పు మైదా అదనంగా వేసినట్టే.

పరిష్కారం: రెసిపీ రాసినవాళ్లు కప్పుకు ఎన్ని గ్రాములు లెక్కేశారో ఎక్కడైనా చెప్పారేమో ముందు వెతకండి. చెబితే అదే వాడండి, వేరే పట్టిక జోలికి పోవద్దు. చెప్పకపోతే 125తో మొదలుపెట్టి, కేక్ తీరు చూసి మరోసారి ఐదో పదో గ్రాములు అటూ ఇటూ మార్చుకోండి. ‘జల్లించిన మైదా ఒక కప్పు’ అని రాస్తే జల్లించాకే కొలవాలి, అప్పుడు బరువు 120 కంటే కూడా తగ్గుతుంది.

సమస్య: మైదా సరిగ్గానే ఉంది, మిగతావే తేడా. కోకో చేదు కొడుతోంది, లేదా కేక్ మధ్యలో కుంగిపోతోంది.

ఒక కప్పంటే 240 గ్రాములని అన్నిటికీ ఒకే లెక్క వేసి ఉంటారు. మిల్లీలీటరుకు ఒక గ్రాము అన్నది నీళ్లకు సరిపోతుంది, పాలకూ దాదాపు సరిపోతుంది. మిగతావాటికి కాదు. కప్పు పంచదార 200 గ్రాములు, వెన్న 227, నూనె 220 లోపే. తేనె 340 దాకా తూగితే, కోకో పొడి 85 దగ్గరే ఆగిపోతుంది. బ్రౌన్ షుగర్‌ను మామూలుగా అదిమి కొలుస్తారు కాబట్టి 215 పైచిలుకు వేసుకోండి.

సమస్య: రెండు పట్టికలు చూస్తే రెండు రకాల అంకెలు.

కప్పు సైజే వేరు. అమెరికా కప్పు 237 మి.లీ., ఆస్ట్రేలియాది 250, జపాన్‌ది 200. ఆస్ట్రేలియాలో టేబుల్‌స్పూన్ కూడా 15 కాదు, 20 మి.లీ. అన్నీ కప్పుల్లోనే కొలిస్తే ఏ కప్పైనా పాళ్లు చెడవు. కానీ గుడ్లు కప్పుల్లో ఉండవు కదా, గొడవంతా అక్కడే. రెసిపీ ఏ దేశానిదో తెలుసుకుని ఆ కప్పు పట్టికే వాడండి.

ఔన్సులకూ ఇదే చిక్కు. 8 ఔన్సుల పాలంటే ఒక కప్పు. 8 ఔన్సుల మైదా అంటే మాత్రం తూకం, 227 గ్రాములు. కప్పు లెక్కకు దాదాపు రెట్టింపు.

సమస్య: సోడా వాసన, లేదా కేక్ సరిగా పొంగకపోవడం.

తూకం యంత్రం పనితనం ఇది. పావు టీస్పూన్ బేకింగ్ సోడా ఒక గ్రాము పైచిలుకే ఉంటుంది. గ్రాము గ్రాముకు మాత్రమే చూపే యంత్రం అంత చిన్న బరువును సరిగా చెప్పలేదు. పైగా చిటికెడు చిటికెడుగా వేస్తూ పోతే చాలా యంత్రాల్లో అంకె కదలదు. సున్నాయే కనిపిస్తోంది కదా అని ఇంకా వేస్తాం, అసలు బరువు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. సోడా, బేకింగ్ పౌడర్, ఈస్ట్ లాంటివి చెంచాతోనే కొలవండి, దీనికి టెన్షన్ అక్కర్లేదు. తూకమే కావాలంటే గ్రాములో పదో వంతు చూపే చిన్న యంత్రం తీసుకోండి.

ఉప్పు సంగతి దీనికి తిరగబడుతుంది. సన్న ఉప్పు టీస్పూన్‌కు సుమారు 6 గ్రాములు. పలుకులుగా ఉండే ఉప్పు అదే చెంచాలో కొన్ని రకాల్లో సగమే తూగుతుంది. రెసిపీలో ఒక రకం చెప్పి మీ దగ్గర ఇంకో రకం ఉంటే చెంచాను నమ్మకండి, గ్రాములే చూసుకోండి.