ఫలితం ఆలస్యమైతే: 17సీతో ఓట్ల లెక్క సరిచూసుకోవడం ఎలా?

2024 లోక్‌సభ ఎన్నికల్లో తొలి విడత పోలింగ్ ఏప్రిల్ 19న జరిగితే, తుది శాతం 30వ తేదీకి గానీ బయటికి రాలేదు. ఓట్ల సంఖ్యలైతే మే 25 దాకా ఆగాల్సి వచ్చింది. అనుమానాలు ముదిరింది ఈ మధ్యకాలంలోనే. అయితే ప్రతి బూత్ లెక్కా పోలింగ్ ముగిసిన రోజే కాగితం మీదికి ఎక్కుతుంది. అదే ఫారం 17సీ. పార్టీ ఏదైనా, ఆ కాపీ లేకుండా పోలింగ్ ఏజెంటు బూత్ వదిలి రాకూడదు.

పోలింగ్ అయ్యాక ప్రిసైడింగ్ ఆఫీసర్ 'క్లోజ్' బటన్ నొక్కి 17సీ మొదటి భాగం నింపుతారు. దాని నకలు ఏజెంటుకు ఇవ్వాలని ఎన్నికల నిర్వహణ నియమాల్లోని 49ఎస్ నిబంధన చెబుతోంది. రసీదు మీద సంతకం చేసే ముందు కంట్రోల్ యూనిట్ (ఈవీఎంలో ఓట్లు నమోదయ్యే భాగం) నంబరు, పేపర్ సీల్ నంబర్లు, మొత్తం ఓట్లు చదువుకోండి. ఓటర్ల రిజిస్టర్‌లో 812 మంది ఉండి, అందులో ఇద్దరు సంతకం పెట్టాక ఓటు వేయకుండా వెళ్లిపోయారనుకుందాం. మెషిన్‌లో 810 ఉండాలి. 860 కనిపిస్తే వెంటనే మాక్ పోల్ గుర్తుకు రావాలి. పొద్దున ఏజెంట్ల ముందు కనీసం 50 ఓట్లు వేసి చూస్తారు. తర్వాత 'క్లియర్' నొక్కడం మరిచిపోతే అవి అసలు ఓట్లలో కలిసిపోతాయి. చాలా తేడాల వెనకున్నది ఇలాంటి పొరపాటే. కానీ అక్కడికక్కడే రాయించకపోతే కౌంటింగ్ రోజున అదే మోసంలా కనిపిస్తుంది.

కౌంటింగ్ హాల్లోకి ఫోన్ తీసుకెళ్లనివ్వరు. పెన్ను, కాగితం, 17సీ కాపీ చాలు. మీ టేబుల్ మీదికి యూనిట్ రాగానే ముందు నంబరు, సీళ్లు పోల్చండి. 'రిజల్ట్' నొక్కితే మొదట వచ్చేది మొత్తం. అది 17సీతో సరిపోయాకే అభ్యర్థుల వారీ ఓట్లు రాసుకోండి. సరిపోకపోతే ఆ యూనిట్‌ను పక్కన పెట్టించండి. మిగతా టేబుళ్ల పని ఆగదు. ఆ బూత్ వీవీప్యాట్ స్లిప్పులు, అంటే ఓటు ఎవరికి పడిందో చూపుతూ మెషిన్ ముద్రించిన చీటీలు, తర్వాత లెక్కిస్తారు.

ఇక ఆలస్యం సంగతి. పోస్టల్ బ్యాలెట్లు 8 గంటలకు, ఈవీఎంలు 8:30కు మొదలవుతాయి. పోస్టల్ లెక్క పూర్తయితేనే ఈవీఎంల చివరి రౌండ్‌కు ముందు రౌండ్ మొదలుపెట్టాలని 2025 సెప్టెంబరులో ఎన్నికల సంఘం నిర్ణయించింది. ఇక్కడ పోస్టల్ ఓటరు బ్యాలెట్‌తో పాటు పంపే 13ఏ డిక్లరేషన్ దగ్గర గొడవలు ఎక్కువ. 2024లో ఏపీలో అటెస్ట్ చేసిన అధికారి సంతకం ఉండి, ముద్ర లేని పత్రాలపై వివాదం కోర్టులకెక్కింది. చివర్లో పట్టే సమయం వీవీప్యాట్లది. అసెంబ్లీ సెగ్మెంట్‌కు ఒక్క బూత్‌వే లెక్కించే పద్ధతిని మార్చి సగం బూత్‌లవి లెక్కించాలని చంద్రబాబు నాయుడు సహా 21 పార్టీల నేతలు కోరితే, 2019 ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు ఐదు చేసింది. మన లోక్‌సభ స్థానాల్లో ఏడేసి సెగ్మెంట్లు కాబట్టి ఒక్కో స్థానానికి 35 బూత్‌లు. లాటరీ తీసేటప్పుడు అన్ని బూత్‌ల చీటీలూ ఉన్నాయో లేదో లెక్కపెట్టండి. జాలీ గదిలో స్లిప్పులను అభ్యర్థుల వారీగా వేరుచేసి, 25 చొప్పున కట్టలు కడతారు. బూత్‌కు సుమారు గంట. ఒకదాని తర్వాత ఒకటే చేస్తారు గనక సెగ్మెంట్‌లోని ఐదింటికి ఐదు గంటలు పట్టినా అసహజం కాదు. మెషిన్‌కూ స్లిప్పులకూ తేడా వస్తే స్లిప్పుల లెక్కే చెల్లుతుంది.

ఆలస్యమైందని కేకలు వేసేకన్నా ఏ రౌండ్, ఏ టేబుల్, ఏ బూత్ దగ్గర ఆగిందో, ఎందుకో అడిగి రాసుకోండి. దానికి జవాబు చెప్పకపోతే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి.

రీకౌంటింగ్ కావాలంటే మొత్తం ఓట్లు ప్రకటించాక, ఫారం 20 మీద రిటర్నింగ్ అధికారి సంతకం పడకముందే కారణాలతో దరఖాస్తు ఇవ్వాలి. ఒకసారి సంతకం పడితే ఆ దారి మూసుకుపోతుంది. ఓట్లలో రెండో, మూడో స్థానం వచ్చిన అభ్యర్థులు ఏడు రోజుల్లోగా తమ ఖర్చుతో 5 శాతం ఈవీఎంల మెమరీని తనిఖీ చేయించుకోవచ్చు. హైకోర్టులో ఎలక్షన్ పిటిషన్‌కు 45 రోజుల గడువుంది. ఫారం 20లో ఓట్లు బూత్‌ల వారీగా ఉంటాయి. ఆ గడువు లోపే మీ 17సీ కాపీలన్నీ దానితో వరస పెట్టి పోల్చండి.