ఊపిరితిత్తి ఆపరేషన్‌కి ముందు సర్జన్‌ని ఏమడగాలి?

మా నాన్నకు కుడి ఊపిరితిత్తి పైభాగంలో క్యాన్సర్ గడ్డ. ఎక్స్‌రేలో మచ్చ కనబడితే, కఫం పరీక్షలో ఏమీ రాకపోయినా టీబీ మందులు రాశారు. నాలుగు నెలలు వాడారు, మచ్చ తగ్గలేదు. ఆ నాలుగు నెలలు తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. మందులు వాడుతున్నా మచ్చ అలాగే ఉంటే సీటీ స్కాన్, బయాప్సీ (గడ్డలోంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) చేయమని గట్టిగా అడగండి.

బయాప్సీలో స్మాల్ సెల్ రకం క్యాన్సర్ అని వస్తే చాలావరకు ఆపరేషన్ ఉండదు. నాన్నది నాన్ స్మాల్ సెల్. ఒళ్లంతా చూసే పెట్ సీటీ స్కాన్‌లో ఇంకెక్కడికీ పాకలేదని తేలాకే సర్జన్ దగ్గరికి వెళ్లాం.

అక్కడ మొదట అడగాల్సింది, ఎంత తీస్తారని. ఊపిరితిత్తిలోని పెద్ద భాగాలను లోబ్‌లు అంటారు. కుడివైపు మూడు లోబ్‌లు, ఎడమవైపు రెండు. ఎక్కువమందికి ఒక లోబ్ మొత్తం తీస్తారు, అదే లోబెక్టమీ. గడ్డ 2 సెంటీమీటర్ల లోపు ఉండి, అంచున ఉంటే లోబ్‌లో ఒక సెగ్మెంట్, అంటే ఒక చిన్న భాగం తీసినా సరిపోవచ్చు. ఊపిరితిత్తి మొత్తం తీయాలంటే మాత్రం, "స్లీవ్ పద్ధతిలో గాలి గొట్టం ముక్క తీసి మళ్లీ కలిపి కుట్టడం కుదరదా అండీ?" అని తప్పక అడగండి.

తర్వాత, మిగిలేది చాలుతుందా అని. రెండు ఊపిరితిత్తుల్నీ కలిపి 19 సెగ్మెంట్లుగా లెక్క వేస్తారు. కుడి పై లోబ్‌లో 3. అంటే నాన్నకు 16 మిగులుతాయి. ఊపిరితిత్తులు ఎంత బాగా పనిచేస్తున్నాయో చూసే ఊదుడు పరీక్ష రిపోర్టు పక్కన పెట్టుకుని డాక్టర్ గారు కాగితం మీద ఈ లెక్క వేసి చూపించాక మా టెన్షన్ సగం తగ్గింది.

కెమెరాతో చిన్న రంధ్రాల్లోంచి చేస్తే నొప్పి తక్కువ. మధ్యలో అవసరమైతే ఛాతీ తెరుస్తారు, దానికీ సిద్ధపడి ఉండండి.

డేట్ ఖాయమయ్యేదాకా ఆగకుండా బీడీ మాన్పించి, ఊపిరితిత్తులకు వ్యాయామం ఇచ్చే మూడు బంతుల స్పైరోమీటర్ కొనండి. దాన్ని ఊదకూడదు, గాలి లోపలికి మెల్లగా పీల్చాలి. నాన్న రెండు రోజులు ఊదుతూనే ఉన్నారు. సరిగ్గా పట్టుకున్నాక మొదట ఒక్క బంతే లేచింది, ఆపరేషన్ నాటికి రెండోదీ లేచింది.

ఆపరేషన్ తర్వాత ఛాతీ పక్కలోంచి లోపలి గాలి, నీరు బయటికి పోయే గొట్టం, దాని చివర నీళ్ల సీసా ఉంటాయి. దగ్గినప్పుడు సీసా నీళ్లలో బుడగలు వస్తే కోసిన చోటు నుంచి గాలి ఇంకా లీకవుతోందని అర్థం. చాలామందికి కొద్దిరోజుల్లో ఆగుతుంది. సీసాని ఛాతీ కంటే పైకి ఎత్తకూడదు. నాన్నను బాత్‌రూమ్‌కి నడిపించేటప్పుడు నేను దాన్ని మోకాళ్ల దగ్గర పట్టుకుని పక్కనే నడిచేదాన్ని. ఆరో రోజు ఎంత దగ్గినా బుడగ రాలేదు. మర్నాడు గొట్టం తీసేశారు.