కారు అద్దానికి రాయి తగిలితే: ముందు గాలి తీయడం నేర్చుకోండి

పరిటాల, దొనబండ వైపు నుంచి కంకర టిప్పర్లు ఎక్కువగా తిరిగిన రోజున సాయంత్రానికల్లా మా షెడ్డుకి రెండు మూడు కార్లు వస్తాయి. విజయవాడ ఆటోనగర్‌లో నేను ఈ పని మొదలుపెట్టి పద్నాలుగేళ్ళు. వచ్చినవాళ్ళంతా వేలు పెట్టి చూపించి, "చిన్న చుక్కేనండీ, పూడ్చేస్తే పోతుందిగా" అంటారు. పూడ్చడం తర్వాత సంగతి. రాయి దెబ్బకి అద్దం లోపల సన్నటి సందులు పడి వాటిలో గాలి చేరుతుంది. మన కంటికి నల్లగానో వెండిలాగానో కనపడేది ఆ గాలే. దాన్ని బయటికి లాగి, ఆ ఖాళీలోకి రెజిన్ అనే పారదర్శకమైన జిగురు ద్రవాన్ని పంపాలి. మా మేనల్లుడికి ఆరు నెలలుగా ఇదే నేర్పుతున్నాను. వాడికి చెప్పినట్టే మీకూ చెబుతాను.

ముందు అద్దం ఎలా ఉంటుందో తెలియాలి. ఫ్రంట్ అద్దం ఒక్కటి కాదు. సుమారు రెండు మిల్లీమీటర్ల మందం ఉన్న రెండు అద్దాలు, మధ్యలో పాలీవినైల్ బ్యుటిరాల్ అనే ప్లాస్టిక్ పొర. మామూలుగా ఆ పొర 0.76 మిల్లీమీటర్లు. గుద్దుకున్నా ముక్కలు మొహం మీద పడకుండా పట్టుకునేది అదే. పక్క డోర్ల అద్దాలు సాధారణంగా టఫెన్డ్ గ్లాసు. అది పగిలితే పేలాల్లా రాలిపోతుంది, దానికి రిపేరు లేదు. మనం బాగుచేసేది ఫ్రంట్ అద్దానికి బయటి పొర మాత్రమే. కారులో కూర్చుని లోపలివైపు వేలితో తడమండి. గోరుకి గరుకు తగిలితే లోపలి అద్దం కూడా పోయినట్టే. అప్పుడు కొత్తది వేయించుకోమని చెప్పండి.

ఏ పని ఒప్పుకోకూడదో తెలియడం సగం విద్య. పది రూపాయల బిళ్ళ కింద దాగిపోయే దెబ్బయితే చేస్తాను. బీట బెత్తెడు దాటితే చేయను. అంచుకి రెండంగుళాల లోపు ఉన్నదాన్ని ముట్టుకోను, అద్దం మీద ఒత్తిడంతా అంచుల దగ్గరే ఉంటుంది. స్టీరింగుకి సూటిగా ఎదురుగా ఉన్నదీ వద్దంటాను. ఎంత బాగా చేసినా చిన్న మచ్చ మిగులుతుంది, రాత్రి ఎదుటి బండి లైటు పడితే అది మెరిసి కళ్ళలో కొడుతుంది. కొన్ని కొత్త కార్లలో, వెనక వచ్చే బండ్లని చూసుకునే అద్దం వెనకాల, ఫ్రంట్ అద్దానికి కెమెరా ఉంటుంది. దాని ఎదురుగా దెబ్బ ఉంటే కంపెనీ సర్వీసుకే పంపండి. దీనివల్ల బేరాలు పోతాయి, నిజమే. పోనివ్వండి. ఆ కారులో పిల్లలు కూడా కూర్చుంటారు.

నేర్చుకోవడానికి కస్టమరు కారు వాడకండి. పాత బండ్లు విప్పే షెడ్లలో తీసేసిన అద్దాలు దొరుకుతాయి. ఒకటి తెచ్చి, కారులో ఉన్నట్టే ఏటవాలుగా కదలకుండా బిగించండి. కళ్ళద్దాలు, గ్లౌజులు వేసుకుని, మొనదేలిన పంచి అద్దానికి ఆనించి, దాని మీద సుత్తితో చిన్న దెబ్బ వేయండి. ఒకసారి గుండ్రంగా చంద్రుడిలా విచ్చుకుంటుంది, ఒకసారి కాళ్ళు చాపిన నక్షత్రంలా. గుండ్రటిది తేలిక. స్టార్ కష్టం, ఆ కాళ్ళ చివరికి రెజిన్ ఒక పట్టాన వెళ్ళదు. కనీసం యాభై దెబ్బలు బాగుచేశాకే డబ్బు తీసుకునే పని పట్టండి.

ఎండ గురించి గట్టిగా చెప్పాలి. నేను పని మొదలెట్టిన ఏడాది, మే నెలలో ఒకాయన కారు నిలువెండలోంచి తెచ్చి షెడ్డులో పెట్టారు. ఆయనకి తొందర, నాకు ఆత్రం. అద్దం కాలుతుండగానే ఇంజెక్టర్, అంటే రెజిన్‌ని లోపలికి నొక్కే గొట్టం, బిగించాను. టిక్‌మని ఒక శబ్దం. చిటికెన వేలి గోరంత స్టార్ నా కళ్ళముందే మూరెడు బీటయింది. తప్పు నాది. నా డబ్బుతోనే కొత్త అద్దం వేయించి ఇచ్చాను. అప్పటినుంచి బండి రాగానే నీడలో పెట్టి, అరచెయ్యి అద్దం మీద ఆనించి హాయిగా ఉంచగలిగేదాకా ఆగుతాను. చల్లార్చాలని నీళ్ళు కొట్టకండి, ఏసీ గాలి అద్దం మీదికి తిప్పకండి. నీడకి ఇంకో కారణం కూడా ఉంది. ఎండలోని అతినీలలోహిత కాంతికే రెజిన్ గట్టిపడిపోతుంది.

ఇప్పుడు పని. సన్నటి సూదితో గుంటలో విడిగా ఉన్న గాజుపొడి తీయండి, గుచ్చి తవ్వకండి. వానలో తడిసిన కారయితే లోపల చెమ్మ ఉంటుంది. హెయిర్ డ్రయ్యర్‌తో దూరం నుంచి మెల్లగా వెచ్చబెట్టి, మళ్ళీ చల్లారనివ్వాలి. లైటర్ మంట చూపించేవాళ్ళున్నారు, ఆ పని చేయకండి.

ఇంజెక్టర్‌ని పట్టి ఉంచే చట్రాన్ని బ్రిడ్జి అంటాం. దాన్ని సక్షన్ కప్పులతో అద్దానికి అంటించి, ఇంజెక్టర్ రబ్బరు సరిగ్గా గుంట మీదికి వచ్చేలా చూడండి. ఇక్కడే చెయ్యి తిరగాలి. మరీ వదులైతే రెజిన్ పక్కకి కారుతుంది, మరీ బిగిస్తే సందులు మూసుకుపోతాయి, బీట పెరుగుతుంది. రబ్బరు అద్దానికి ఆని కొద్దిగా నొక్కుకుంటే చాలు. ఇంజెక్టర్‌లో రెండు మూడు చుక్కల రెజిన్ వేసి, దాని లోపలి పిస్టన్ పైకి లాగండి. గాలి నువ్వుగింజలంత బుడగలై రెజిన్‌లోంచి పైకి వస్తుంది. రెండు మూడు నిమిషాలు అలాగే ఉంచండి. తర్వాత పిస్టన్ కిందికి తిప్పి ఒత్తిడి పెట్టి ఐదారు నిమిషాలు. మళ్ళీ లాగడం, మళ్ళీ నొక్కడం. బుడగలు రావడం ఆగేదాకా ఇదే వరస.

మొన్న మావాడు ఒక్క వరసకే, "మావయ్యా, నిండిపోయింది" అన్నాడు.

"లోపలికెళ్ళి కూర్చుని చూడరా" అన్నాను.

బయటినుంచి అంతా మాయమైనట్టే ఉంది. డ్రైవర్ సీట్లోంచి, తల కొంచెం వంచి చూస్తే ఒక కాలి చివర వెంట్రుకంత మెరుపు. గాలి ఉన్నచోట కాంతి వెనక్కి కొడుతుంది. రెజిన్ కాంతిని వంచే తీరు అద్దానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి అది చేరిన చోట గీత కనపడదు. ఒత్తిడి పెట్టి ఉంచి, ఆ కాలికి ఎదురుగా లోపలివైపు బొటనవేలితో మెల్లగా నొక్కి వదలమన్నాను. నాలుగోసారికి ఆ మెరుపు చివరినుంచి కరుగుతూ గుంట దాకా వచ్చి ఆరిపోయింది. వాడి మొహం వెలిగింది, నాకూ కడుపు నిండింది.

ఆ తర్వాతే రెజిన్‌ని గట్టిపరిచే యూవీ (అతినీలలోహిత) లైటు. సీసా మీద ఎంతసేపని రాసి ఉంటే అంతసేపు పెట్టండి, లైటు వైపు చూడకండి. పైన మిగిలిన గుంటలో చిక్కటి రెజిన్ చుక్క వేసి, గాలి చేరకుండా ప్లాస్టిక్ ఫిల్మ్ పరిచి మళ్ళీ లైటు. గట్టిపడ్డాక కొత్త బ్లేడు నిటారుగా పట్టి గీకితే తెల్లటి పొట్టులా లేస్తుంది. బ్లేడు పడుకోబెడితే రెజిన్ గుంటలోంచి పెళ్ళగిలుతుంది. చివర పాలిష్.

డబ్బు సంగతీ కస్టమరుకి చెప్పండి. ఇన్సూరెన్సులో పాతబడిందని అద్దం ధరలో తరుగు కొయ్యరు, అందుకే చాలామంది క్లెయిముకి పరిగెడతారు. కానీ క్లెయిము పెడితే మామూలుగా నో క్లెయిమ్ బోనస్, అంటే సొంత బండి నష్టానికి కట్టే ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, పోతుంది. ఐదేళ్ళు క్లెయిము లేనివాళ్ళకి అది 50 శాతం. చిన్న పెచ్చు కోసం అది పోగొట్టుకోవడం నాకు సబబుగా అనిపించదు.

అందరికీ ఒక జాగ్రత్త చెబుతాను. రాయి తగలగానే బండి పక్కకి ఆపి, ఆ చుక్క మీద పారదర్శకమైన టేపు ముక్క అంటించండి. దుమ్ము, నీళ్ళు, కారు కడిగే షాంపూ లోపలికి పోకుండా ఉంటే నా పని తేలిక, మచ్చ కూడా తక్కువ. ఇంట్లో ఉన్న జిగురు మాత్రం పోయకండి, అది గట్టిపడితే రెజిన్‌కి దారి ఉండదు. పనయిన ప్రతి కారులోనూ ఒక చిన్న టేపు చుట్ట గ్లోవ్ బాక్సులో పెట్టి పంపుతాను.