లోపలికి పెరిగిన వెంట్రుకలు: సమస్య - పరిష్కారం

గీసిన వెంట్రుక మళ్ళీ మొలుస్తుంది, అది మామూలే. చిక్కల్లా బయటికి రావాల్సింది పక్కకు తిరిగి చర్మంలోకే దిగినప్పుడు. ఒంటికి ఆ వెంట్రుక గుచ్చుకున్న ముల్లుతో సమానం. అందుకే ఎరుపు, దురద, వాపు, ఒక్కోసారి చీము. ఉంగరాల జుట్టు, బిరుసు వెంట్రుకలు ఉన్నవాళ్ళలో ఇది ఎక్కువ. గడ్డం కింద మెడ, చంకలు, గజ్జలు, తొడల లోపలి వైపు, పిక్కలు తరచుగా ఇబ్బంది పెట్టే చోట్లు.

ఇది రెండు విధాలుగా జరుగుతుంది. వంకర వెంట్రుక కాస్త బయటికొచ్చి, వంగి, పక్కనున్న చర్మంలో గుచ్చుకోవడం ఒకటి. చర్మం మట్టం కంటే కిందికి తెగిన వెంట్రుక బయటి ముఖమే చూడకుండా, తన కుదురు (వెంట్రుక మొలిచే సన్నటి గొట్టం) గోడను లోపల్నుంచి చీల్చుకుపోవడం రెండోది. మొదటిదాన్ని చేత్తో విడిపించవచ్చు. రెండోదాన్ని తవ్వితే పుండు మిగులుతుంది.

అసలు ఇది అదేనా?

ముందు రోజులు లెక్కపెట్టండి. గీసిన కాసేపటికే ఆ చోటంతా ఎర్రబడి మండితే అది రేజర్ మంట. చల్లటి తడిగుడ్డ వేసి, వాసన లేని మాయిశ్చరైజర్ రాస్తే సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో సర్దుకుంటుంది. గీసిన రెండు మూడు రోజులకు విడివిడిగా పొక్కులు లేస్తే లోపలికి తిరిగిన వెంట్రుకను అనుమానించాలి. వ్యాక్సింగ్ లేదా ఎపిలేటర్ (వెంట్రుకలను వేరుతో పీకే యంత్రం) తర్వాత అయితే వెంట్రుక మళ్ళీ మొలిచి పైదాకా రావాలి కాబట్టి వారం మొదలుకొని మూడు వారాలైనా పట్టొచ్చు. వ్యాక్సింగ్ మర్నాడే ప్రతి కుదురు చుట్టూ సన్నటి పొక్కులు వస్తే మాత్రం కుదుళ్ళు రేగాయనో, తెరుచుకున్న వాటిలోకి బ్యాక్టీరియా చేరిందనో అర్థం.

పోలికతో మోసం చేసేవి రెండున్నాయి. జబ్బల వెనక, తొడల పైన ఎప్పుడూ గరుకుగా తగిలే సన్నటి బొడిపెలు కెరటోసిస్ పిలారిస్. వాటికి యూరియా ఉన్న క్రీములు వాడతారు, సూది పెట్టకూడదు. నున్నగా మెరుస్తూ నడిమధ్య చిన్న గుంట ఉండే బొడిపెలు మొలస్కమ్ అనే వైరస్ వల్ల వస్తాయి. వాటి మీదుగా రేజర్ లాగితే చుట్టుపక్కలకి అంటుకుంటాయి.

సమస్య: చర్మం కింద నల్లటి ఉంగరమో గీతో కనిపిస్తోంది

వెలుతురులో భూతద్దం పెట్టి చూడండి. వెంట్రుక ఒక చోట పైకి లేచి, మిల్లీమీటరో రెండో నడిచి, ఇంకో చోట లోపలికి దిగి ఉంటుంది. రెండు కొసలూ చర్మంలోనే, నడుమ వంపు మాత్రం పైన. ఇది తేలిగ్గా లొంగే రకం.

గోరువెచ్చటి నీళ్ళలో ముంచి పిండిన శుభ్రమైన గుడ్డతో 10 నిమిషాలు కాపడం పెట్టండి. చల్లారితే మళ్ళీ ముంచండి. పై పొర మెత్తబడ్డాక అదే గుడ్డతో చిన్న చిన్న సున్నాలు చుడుతూ తేలిగ్గా రుద్దండి. చాలాసార్లు దీంతోనే వంపు ఊడి వస్తుంది. రాకపోతే స్టెరైల్ సూది తీసుకోండి. చేతులు సబ్బుతో కడిగి, చర్మాన్ని 70 శాతం ఆల్కహాల్‌తో తుడిచి ఆరనివ్వండి. సూదిని నిలువుగా గుచ్చొద్దు. చర్మానికి సమాంతరంగా పట్టి, మొనను వంపు కిందికి దూర్చి, మెల్లగా పైకి ఎత్తండి. లోపల దాగిన కొస టక్కున బయటపడుతుంది. రక్తం కనిపిస్తే ఆపేయండి, వెంట్రుక ఇంకా లోతుగా ఉందన్నమాట.

కొస బయటపడ్డాక చాలామంది చేసే తప్పు పట్టకారు తీసుకుని పీకేయడం. పీకితే ఆ పూట హాయిగానే ఉంటుంది. కానీ అదే కుదురు నుంచి రాబోయే వెంట్రుక, వాచి పైన మూసుకున్న చర్మం కింద మళ్ళీ అడుగు నుంచి మొదలవుతుంది. అదే చోట అదే పొక్కు తిరిగి రావడానికి ఎక్కువగా ఇదే కారణం. కొసను విడిపించి, వెంట్రుకను అక్కడే వదిలేయండి. చర్మం మానాక ట్రిమ్మర్‌తో కత్తిరించుకోవచ్చు.

సమస్య: ఎర్రటి, దురద పెట్టే పొక్కు, వెంట్రుక ఎక్కడా కనిపించదు

కుదురు గోడ చీల్చుకుని లోపలే ఉండిపోయిన వెంట్రుక ఇది. వెతుకుతూ గోళ్ళతో గిల్లకండి. కాపడం రోజుకు మూడు నాలుగు సార్లు, ఒక్కోసారి 10 నుంచి 15 నిమిషాలు. రోజుకొకసారి 2 శాతం సాలిసిలిక్ యాసిడ్ పల్చగా రాయండి. అది నూనెలో కరిగే గుణం వల్ల కుదురు నోట్లోకి దిగి, అక్కడ పేరుకున్న మృతకణాలను వదులు చేస్తుంది. మంట పుడితే రోజు విడిచి రోజుకు మార్చండి. గీసిన రోజున మాత్రం వద్దు. వాపు, దురద బాగా ఉంటే 1 శాతం హైడ్రోకార్టిసోన్ (తేలికపాటి స్టెరాయిడ్ క్రీము) రోజుకు రెండుసార్లు, మూడు నుంచి ఐదు రోజులు చాలు. చంకల్లో, గజ్జల్లో చర్మం మందును ఎక్కువగా పీల్చుకుంటుంది, వారాల తరబడి రాస్తే పల్చబడిపోతుంది.

వీటన్నిటికంటే పెద్ద మందు గీయడం మానేయడం. మూడు నాలుగు వారాలు రేజర్, వ్యాక్స్ రెండూ ఆపితే వెంట్రుక పొడుగై, సుమారు సెంటీమీటరు అయ్యేసరికి స్ప్రింగులా తన బలంతో తనే బయటికి లేస్తుంది. మొదటి వారం పొక్కులు పెరిగినట్టు కనిపించొచ్చు, అప్పటికే గీసిన వెంట్రుకలు వంగుతాయి కాబట్టి. అది చూసి మళ్ళీ రేజర్ పట్టుకోవద్దు.

సమస్య: తెల్లటి మొనతో చీము పొక్కులు

చీము ఉన్నంత మాత్రాన ఇన్‌ఫెక్షన్ అనుకోనక్కర్లేదు, వాపు వల్ల కూడా చేరుతుంది. కాపడంతో పాటు 2.5 నుంచి 5 శాతం బెంజాయిల్ పెరాక్సైడ్ వాష్ రాసి, ఒకటి రెండు నిమిషాలుంచి కడిగేయండి. ఇది తువ్వాళ్ళ, బట్టల రంగు తినేస్తుంది. తెల్ల తువ్వాలు వాడండి. నొక్కి పిండితే చీము బయటికే కాదు, లోపలికీ పగులుతుంది, చిన్న పొక్కు గడ్డవుతుంది.

ఎరుపు చుట్టూ పాకుతుంటే, తాకితే వేడిగా ఉంటే, జ్వరం వస్తే, రెండు మూడు రోజులకీ తగ్గకపోతే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. మధుమేహం ఉన్నవాళ్ళు, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవాళ్ళు అంతదాకా ఆగకూడదు.

సమస్య: లోపల గట్టి గడ్డ, వారాలైనా కరగడం లేదు

వెంట్రుక చుట్టూ తిత్తి కట్టింది. ఇంట్లో దీనికి కాపడం తప్ప మరేమీ చేయకూడదు. చర్మవైద్యులు అవసరాన్ని బట్టి స్టెరాయిడ్ ఇంజక్షన్ ఇస్తారు లేదా చిన్న కోత పెట్టి తీస్తారు. చంకల్లో, గజ్జల్లో, రొమ్ముల కింద గడ్డలు పదే పదే వచ్చి, పగిలి, రసి కారుతూ మచ్చలు కడుతుంటే అది హైడ్రడెనైటిస్ సప్పురాటివా కావచ్చు. దాన్ని వెంట్రుకల బాధే అనుకుని ఏళ్ళ తరబడి భరించేవాళ్ళున్నారు. సిగ్గుపడి దాచుకోవాల్సిన జబ్బు కాదు, ఎంత తొందరగా చూపిస్తే మచ్చలు అంత తగ్గుతాయి.

సమస్య: మానుతుంది, మళ్ళీ గీయగానే వస్తుంది

తప్పు వెంట్రుకలు తీసే పద్ధతిలో ఉంది. రేజర్ వాడితే ముందు బ్లేడులు లెక్కపెట్టండి. నాలుగైదు బ్లేడుల రేజర్‌లో ముందు బ్లేడు వెంట్రుకను పట్టి కొంచెం పైకి లాగుతుంది, అది వెనక్కి జారేలోపు వెనక బ్లేడు కోస్తుంది. తెగిన కొస చర్మం కిందికి ముడుచుకుంటుంది. చేత్తో తడిమితే నున్నగా ఉంటుంది, ఆ నునుపే కొంప ముంచుతుంది. ఒంటి బ్లేడు రేజర్‌కి మారండి. ఇంకా మంచిది ట్రిమ్మర్‌తో 1 మిల్లీమీటరు వదిలి కత్తిరించడం. వదిలేసిన ఆ కాస్త పొడవు వల్ల కొస చర్మం పైనే ఉంటుంది.

గీసే వరస: గోరువెచ్చటి నీళ్ళతో ఐదు నిమిషాలు తడపాలి, నీళ్ళు పీల్చుకున్న వెంట్రుక మెత్తగా తెగుతుంది, కొస సూదిలా ఉండదు. జెల్ రాసి ఒకటి రెండు నిమిషాలు ఆగండి. వెంట్రుక పెరిగే దిశలోనే లాగండి. మెడ మీద ఆ దిశ చోటు చోటుకీ మారుతుంది, వేళ్ళతో తడిమి చూస్తే ఎటు నున్నగా తగిలితే అదే దారి. రెండో చేత్తో చర్మాన్ని సాగదీయకండి. ఒక్కో చోట ఒకసారి, మహా అయితే రెండుసార్లు. ఐదారు షేవ్‌లకి బ్లేడు మార్చండి. అయ్యాక చల్లటి నీళ్ళతో కడిగి అద్ది తుడిచి, మాయిశ్చరైజర్ రాయండి.

వ్యాక్సింగ్‌లో అసలు దోషం వెంట్రుక మధ్యలో తెగడం. సుమారు 5 మిల్లీమీటర్లు పెరగకముందే చేస్తే పట్టు దొరకదు. స్ట్రిప్‌ని పైకి ఎత్తినా తెగుతుంది. చర్మాన్ని బిగపట్టి, స్ట్రిప్‌ని ఒంటికి ఆనించినట్టే, వెంట్రుక పెరిగే దిశకు ఎదురుగా ఒక్క లాగులో తీయాలి. రేజర్‌కి చర్మం సాగదీయొద్దని, ఇక్కడ బిగపట్టాలని చెప్పడం తారుమారుగా తోచవచ్చు. అక్కడ కోస్తున్నాం, ఇక్కడ వేరుతో తీస్తున్నాం. తర్వాత రెండు రోజులు బిగుతు బట్టలు వద్దు. మూడో రోజు నుంచి వారానికి రెండు మూడుసార్లు మెత్తటి గుడ్డతో రుద్దడమో, సాలిసిలిక్ రాయడమో చేయండి, రెండూ ఒకేరోజు కాదు. అడాపలీన్ లాంటి రెటినాయిడ్ (విటమిన్ ఎ తరహా క్రీము) రాసేవాళ్ళు వ్యాక్సింగ్‌కి వారం ముందే ఆపాలి, లేకుంటే స్ట్రిప్‌తో పాటు చర్మం పొర లేచి వస్తుంది. మొటిమలకి ఐసోట్రెటినాయిన్ మాత్రలు వేసుకునేవాళ్ళు వ్యాక్స్ జోలికే వెళ్ళకూడదు, ఆపాక కూడా ఆరు నెలలు.

వెంట్రుకను కరిగించే క్రీముల వల్ల కొస మొద్దుగా మిగులుతుంది కాబట్టి గుచ్చుకోవడం తక్కువ. కానీ అవి చర్మాన్నీ కాల్చగలవు. 24 గంటల ముందు కొంచెం రాసి చూడండి, ప్యాకెట్ మీద రాసిన సమయం దాటనివ్వకండి.

ఇవన్నీ చేసినా ఆగకపోతే లేజర్ గురించి ఆలోచించవచ్చు. చామనఛాయ, నల్లటి చర్మానికి 1064 నానోమీటర్ల ఎన్‌డీ-యాగ్ లేజర్ మిగతా వాటికంటే సురక్షితం. ఐపీఎల్ (లేజర్ కాకుండా మామూలు కాంతి మెరుపులు వాడే) పరికరాలతో కాలిన మచ్చలు పడే ప్రమాదం ఎక్కువ. నాలుగు నుంచి ఆరు వారాల ఎడంతో పలు సిట్టింగులు పడతాయి. నాలుగు వారాల ముందునుంచి పీకడం, వ్యాక్సింగ్ ఆపాలి, కుదురులో వెంట్రుక లేకపోతే లేజర్‌కి గురే ఉండదు. తెల్లబడిన వెంట్రుకల మీద పనిచేయదు.

సమస్య: పొక్కు పోయింది, నల్లమచ్చ మిగిలింది

వాపు వల్ల అక్కడ మెలనిన్ (చర్మానికి రంగునిచ్చే పదార్థం) పేరుకుంది. కొత్త పొక్కులు ఆగకముందు మచ్చల మందు రాయడం దండగ. ఆగాక 15 నుంచి 20 శాతం అజెలాయిక్ యాసిడ్, లేదా రాత్రిపూట 0.1 శాతం అడాపలీన్ వాడవచ్చు. గర్భిణులకు అడాపలీన్ పనికిరాదు, అజెలాయిక్ వాడొచ్చు కానీ డాక్టరును అడిగి. ఎండ తగిలే చోటయితే 30 ఎస్‌పీఎఫ్ సన్‌స్క్రీన్ తప్పనిసరి. తేడా కనిపించడానికి రెండు మూడు నెలలు పడుతుంది. ఈలోగా గరుకు స్క్రబ్‌తో తోమితే మచ్చ ఇంకా ముదురుతుంది.