డూన్ ఏంగస్ కోట చూడటం ఎలా? అంచు దాకా వెళ్లి క్షేమంగా వెనక్కి రావడం ఎలా?

ఐర్లాండ్ పడమటి తీరాన, గాల్వే అఖాతం ముందు మూడు అరన్ దీవులున్నాయి. వాటిలో పెద్దది ఇనిష్ మోర్. ఆ దీవి దక్షిణపు ఒడ్డున, అట్లాంటిక్ సముద్రం మీద దాదాపు 100 మీటర్ల ఎత్తున, నిట్టనిలువు కొండచరియ కొసన ఉంది డూన్ ఏంగస్ రాతికోట. సున్నం, మట్టి ఏవీ వాడకుండా రాయి మీద రాయి పేర్చి కట్టారు. క్రీ.పూ. 1100 ప్రాంతానికే అక్కడ మనుషులు కాపురం ఉన్నారని 1990లలో జరిగిన తవ్వకాల్లో తేలింది. నేల వైపు మూడు వరసల గోడలున్నాయి. సముద్రం వైపు గోడ లేదు, కంచె లేదు, రెయిలింగ్ కూడా లేదు.

ఈ చివరి మాట చాలామంది చెవికెక్కించుకోరు. దీవి చూపించమని వచ్చే చుట్టాల్ని, ఫ్రెండ్స్‌ని తీసుకెళ్తూ ఉంటాను కాబట్టి, అక్కడ మనవాళ్లు చేసే విన్యాసాలు చూసి చూసి విసుగొచ్చి ఇది రాస్తున్నాను.

కాగితాలు, టికెట్లు, సామాను

ఐర్లాండ్ షెంగెన్‌లో లేదు. ప్యారిస్, రోమ్ తిరగడానికి తెచ్చుకున్న వీసా ఇక్కడ చెల్లదు. బ్రిటన్ విజిట్ వీసా మీద బీఐవీఎస్ (బ్రిటన్, ఐర్లాండ్ రెండిటికీ ఒకే వీసా చెల్లే పద్ధతి) అని ఉంటే దాంతోనే రావచ్చు, కాకపోతే ముందు బ్రిటన్‌లో దిగి ఉండాలి. ఇక్కడే చదువుకుంటున్నవాళ్లకి, ఉద్యోగాలు చేస్తున్నవాళ్లకి ఈ గొడవ లేదు.

డబ్లిన్ హ్యూస్టన్ స్టేషన్ నుంచి గాల్వేకి రైల్లో రెండున్నర గంటలు. గాల్వే నుంచి రోసవీల్ రేవుకి బస్సులో ఓ గంట, అక్కడి నుంచి పడవలో 40 నిమిషాలు. బస్సుకి, పడవకి టికెట్లు వేరువేరు, రెండూ ముందే తీసుకోండి. మోహెర్ కొండచరియల దగ్గరున్న డూలిన్ అనే ఊరి నుంచి కూడా సీజన్‌లో పడవలుంటాయి. మోహెర్ కొండచరియలు, అరన్ దీవి ఒకే రోజులో చుట్టించే ప్యాకేజీల జోలికి మాత్రం పోవద్దు. కోటలో ఉన్నంతసేపూ చూపంతా వాచీ మీదే ఉంటుంది. హడావిడిగా అంచు దగ్గరికి పరిగెత్తేది కూడా ఆ బాపతు జనమే. ఒక రాత్రి దీవిలో పడుకోండి. పొద్దున మొదటి పడవ జనం వచ్చేలోపు కోటకి చేరితే ఆ గాలి, ఆ అలల హోరు తప్ప ఇంకేమీ వినపడదు.

సామానంటారా: టోపీ ఉన్న రెయిన్ జాకెట్, చీలమండ దాకా పట్టే బూట్లు, నీళ్లు, ఒక డబ్బాలో పులిహోర. కోట కిందున్న కెఫేలో సూప్ బాగానే ఉంటుంది గానీ, కొండెక్కి దిగాక పులిహోర ముందు అది ఎందుకూ పనికిరాదు. గొడుగు వద్దు. ఆ గాలికి నిమిషంలో తిరగబడి పక్కవాళ్ల కంట్లో పొడుస్తుంది. చున్నీ, చీర కొంగు, వేలాడే కెమెరా తాడు కూడా వద్దు. ఫొటోలో చీర రెపరెపలాడితే బాగుంటుందని మీరనుకుంటారు, అది మిమ్మల్ని తెరచాప చేసి లాగుతుంది.

రేవు నుంచి కోట గుమ్మం దాకా

దీవిలో పడవలు ఆగే ఊరు కిల్‌రోనన్. అక్కడ దిగగానే వ్యాన్‌వాళ్లు, గుర్రబ్బండి వాళ్లు, సైకిళ్లు అద్దెకిచ్చేవాళ్లు ఎదురొస్తారు. సైకిలే తీసుకోవాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి, పెద్దవాళ్లకి వ్యాన్. కోట కింద ఉన్న కిల్మర్వీకి సుమారు 7 కిలోమీటర్లు. వెళ్లేటప్పుడు ఉత్తరం ఒడ్డున తీరం వెంబడి పోయే రోడ్డు పట్టుకోండి, ఎత్తుపల్లాలు తక్కువ, దారిలో సీల్స్ రాళ్లమీద పడుకుని కనిపిస్తాయి. ఎక్కువ రోజులు గాలి పడమటి వైపు నుంచే వీస్తుంది కాబట్టి వెళ్లేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనకనుంచి తోస్తుంది. వెళ్లేటప్పుడే కాళ్లు పీకేసి తిరుగుప్రయాణం ఎలారా అని టెన్షన్ పడొద్దు.

కిల్మర్వీలో సైకిల్ పెట్టి టికెట్ తీసుకుని, అక్కడే బాత్రూమ్ పని చూసుకోండి, పైన ఏమీ లేదు. అక్కడినుంచి 900 మీటర్లు ఎక్కుడు నడక. మొదట కంకర దారి, ఆ తర్వాత బోడి సున్నపురాయి. జనం తొక్కి తొక్కి నున్నగా అయిన చోట్ల చినుకు పడితే పాదం నిలవదు, చూసి అడుగేయండి.

గోడ బయట నేలలో నిలువుగా పాతిన వాడి రాళ్ల గుంపు ఒకటి కనిపిస్తుంది. శత్రువులు పరిగెత్తుకుంటూ మీద పడకుండా ఆ రోజుల్లో చేసుకున్న ఏర్పాటు. ఇప్పటికీ బాగానే పనిచేస్తుంది, అడ్డదారిన దాటబోయినవాళ్ల ముంగాళ్లని అడగండి. గోడలెక్కొద్దు. మధ్యలో అతికేదేమీ లేదు, ఒక రాయి కదిలితే దాని మీదవన్నీ కదులుతాయి. ఊడిన రాళ్లతో చిన్న చిన్న గోపురాలు పేర్చి ఫొటో దిగే సరదా కూడా మానుకోండి.

అంచు దగ్గర

లోపలి గోడకి ఉన్న చిన్న గుమ్మంలో తల వంచుకుని దూరతారు. గోడ చాలా మందం. ఆ నాలుగడుగుల్లో గాలి చప్పుడు ఒక్కసారిగా ఆగిపోతుంది. అవతల అడుగు పెడితే పచ్చగడ్డి, పలకరాళ్లు, ఎదురుగా ఆకాశం. నేల ఎక్కడ ఆగిపోయిందో ముందు అర్థం కాదు. అక్కడే, గోడకి వీపు ఆనించి ఐదు నిమిషాలు కూర్చోండి. ఇది నా నియమం, నాతో వచ్చినవాళ్లెవరికీ మినహాయింపు లేదు. ఆ ఐదు నిమిషాల్లో గాలి ఎటునుంచి వస్తోంది, ఒకే తీరుగా ఉందా, విసురు విసురుగా వస్తోందా గమనించండి.

సముద్రం వైపు నుంచి వీస్తుంటే మనల్ని వెనక్కే తోస్తుంది కదా, భయమేముంది అంటారు. అసలు భయం అక్కడే ఉంది. గాలి బలానికి మనకి తెలియకుండానే ముందుకి వంగి నిలబడతాం. విసురు చటుక్కున ఆగిపోతే వంగిన ఒళ్లు వంగినట్టే ముందుకి పోతుంది. ఇంకో మాయ ఏంటంటే, కొండచరియని గుద్దుకున్న గాలి పైకి లేచి తల మీదుగా పోతుంది కాబట్టి సరిగ్గా అంచు దగ్గర ఒక్కోసారి నెమ్మదిగా ఉన్నట్టనిపిస్తుంది. అది చూసి ధైర్యం తెచ్చుకుని లేచి నిలబడతారు, అప్పుడు కొడుతుంది. గాలి ఉత్తరం నుంచి, అంటే మీ వీపు మీద వీస్తుంటే మాత్రం ఆ రోజు అంచు చూడటం మానేయండి. గోడ పక్కన కూర్చుని సముద్రం చూసి వచ్చేయండి. డబ్బులు పెట్టుకుని ఇంత దూరం వచ్చాం కదా అని లెక్కలేయొద్దు.

గాలి అనుకూలంగా ఉంటే ఇలా చేయండి. బ్యాగ్ తీసి గోడ దగ్గర పెట్టేయండి. ఫోన్ జేబులో వేసి జిప్ లాగండి. జాకెట్ టోపీ వెనక్కి తోసేయండి, అది ఉంటే పక్క చూపు ఉండదు. అంచుకి ఐదారు మీటర్ల దూరంలోనే కూర్చోండి. కూర్చున్నాక బోర్లా పడుకుని, మోచేతుల మీద పాకుతూ, ముందున్న రాతిని అరచేత్తో నొక్కి చూస్తూ వెళ్లండి. తడిగా ఉన్నా, పగులు కనిపించినా, నొక్కితే కదిలినా అక్కడే ఆగిపోండి. అంచు దాటాల్సింది కళ్లు మాత్రమే. గడ్డం రాతి మీద ఆనాలి, భుజాలు లోపలే ఉండాలి. మీరు పడుకున్న పలక కింద రాయి తొలుచుకుపోయి ఉండొచ్చు, పైనుంచి చూస్తే అది తెలీదు.

కిందకి చూస్తే అల వచ్చి కొట్టిన లిప్తపాటు తర్వాత గానీ చప్పుడు పైకి రాదు. ఒకరు పడుకున్నప్పుడు ఇంకొకరు వెనకాల కూర్చుని చీలమండలు పట్టుకోవాలి. కాళ్లు వేలాడేసి కూర్చోవడం, అంచున ఎగరడం, వెనక్కి నడుస్తూ సెల్ఫీ తీయడం ఏవీ కుదరవు. అలాంటివాళ్లు మీ గుంపులో ఉంటే ఫోన్ లాక్కోండి, తిట్టుకున్నా పర్లేదు.

చూడటం అయ్యాక అందరూ చేసే పొరపాటు ఒకటుంది. అక్కడే చేతులు ఆనించి లేచి నిలబడతారు. కాసేపు బోర్లా పడుకుని చటుక్కున లేస్తే కళ్లు తిరుగుతాయి. పాకుతూ వెళ్లినట్టే పాకుతూ వెనక్కి రావాలి, గోడ దగ్గరికొచ్చాకే లేవాలి.

పిల్లల సంగతి: పదేళ్ల లోపువాళ్ల చెయ్యి గుమ్మం దాటినప్పటినుంచీ వదలొద్దు. బోర్లా పడుకుని చూడటం పెద్దవాళ్లకే. పిల్లలకి కోట లోపల అంచు వైపున్న రాతి అరుగుని దూరం నుంచే చూపించండి. అది ఎందుకుందో ఎవరికీ తెలీదు, వాళ్లకి కథలల్లుకోడానికి బోలెడంత పని.

తిరుగు ప్రయాణం

కిల్మర్వీ బీచ్‌లో పులిహోర తిని, సైకిల్ మీద కిల్‌రోనన్ చేరండి. చివరి పడవ టైమ్ పొద్దున్నే రాసుకోండి, అది ఎవరికోసమూ ఆగదు. సముద్రం పొంగి ఉంటే పడవలో కింద అంతస్తులో, వెనక వైపు సీటు పట్టుకోండి. కిటికీలోంచి దూరంగా ఒడ్డు వైపే చూస్తూ కూర్చోండి, ఫోన్ చూశారా వాంతి ఖాయం.