కూల్‌డ్రింక్ ఫ్రిజ్ చల్లబడకపోతే వెంటనే గ్యాస్ మీద పడకండి

పల్నాడులో ఎండాకాలమంటే నాకు పనికాలం. రెంటచింతల వైపు ఎండ 45 డిగ్రీలు దాటిన రోజుల్లో ఫోనెత్తితే వినపడే మాట ఒకటే: "అన్నా, ఫ్రిజ్‌లో గ్యాస్ అయిపోయింది, వచ్చి ఎక్కించు." వాడేకొద్దీ అయిపోవడానికి అది వంటగ్యాస్ సిలిండర్ కాదు. మూసేసిన గొట్టాల్లో అదే గ్యాస్ ఏళ్ల తరబడి తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారినట్టే. కారే చోటు వెతికి అతకకుండా ఎక్కిస్తే గ్యాసూ పోతుంది, మీ డబ్బూ పోతుంది.

మెకానిక్‌ని పిలిచే ముందు ఒక పని చేయండి. ఫ్రిజ్ నడుస్తుండగా కింద జాలి దగ్గర, లేదా వెనక, గాలి బయటికొచ్చే చోట అరచెయ్యి పెట్టండి. వెచ్చటి గాలి బాగా తగులుతోందా? అయితే లోపలి వేడి బయటికొస్తోంది, గ్యాస్ పని చేస్తోంది. తప్పు చాలావరకు సరుకు సర్దడంలోనో, తలుపు రబ్బరులోనో ఉంటుంది. కంప్రెసర్, అంటే గ్యాస్‌ని తిప్పే మోటారు, మోత వినపడుతోంది కానీ గాలే లేదంటే కింది ఫ్యాన్ ఆగింది, లేదా కండెన్సర్, అంటే వేడిని బయటికి వదిలే సన్నటి రేకుల గొట్టాలు, దుమ్ముతో పూడింది. కంప్రెసర్ మోగుతూ, ఫ్యాన్ బాగా తిరుగుతూ, కండెన్సర్ శుభ్రంగా ఉండి, గాలి మాత్రం వేడెక్కకుండానే వస్తుంటే అప్పుడు గ్యాస్ సంగతి చూడాలి.

నేను చూసే వాటిలో ఎక్కువ కండెన్సర్ కేసులే. పిడుగురాళ్ల వైపు సున్నపు బట్టీల దుమ్ము, మిర్చి సీజన్లో ఘాటు దుమ్ము, ఆపైన రోడ్డు మీద లారీలు లేపేది. ఇదంతా ఫ్యాన్ లాక్కుని రేకుల మధ్య నింపుతుంది. వేడి పోయే దారి లేక కంప్రెసర్ కాగిపోతుంది, దాన్ని కాపాడే ఓవర్‌లోడ్ స్విచ్ కరెంటు కట్ చేసేస్తుంది. టక్‌మని ఆగి, కాసేపటికి మళ్లీ మొదలై, మళ్లీ టక్. శుభ్రం చేయడం కష్టమేం కాదు. ముందు ప్లగ్ తీసేయండి. స్విచ్ కట్టేస్తే చాలదు. జాలి స్క్రూలు విప్పి, మెత్తటి పెయింట్ బ్రష్‌తో రేకులు నిలువుగా ఉంటే నిలువుగానే దులపండి. అడ్డంగా రుద్దితే వంగిపోతాయి. బ్లోయర్ ఉంటే ఇంకా మంచిది. సున్నపు దుమ్ము పట్టినచోట మాత్రం నీళ్లు పొయ్యొద్దు. తడి తగిలితే అది గట్టిపడి, అల్యూమినియం రేకుల్ని తినేస్తుంది. మామూలు ఊళ్లో నెలకోసారి చాలు. బట్టీల దగ్గర, రోడ్డువార కొట్లలో ఎండాకాలం వారానికోసారి తప్పదు.

ఫ్రిజ్ వెనక, పక్కన జానెడు ఖాళీ వదలండి. బజ్జీల బాణలి పక్కనా, టీ పొయ్యి పక్కనా పెట్టినవాళ్లకి ఎంత చెప్పినా దండగే. కొట్లో చోటు లేదంటారు, నిజమే, కనీసం మధ్యలో ఒక రేకు అడ్డం పెట్టండి. ముందు కాళ్లు పిసరంత ఎత్తుగా ఉంటే తలుపు దానంతటదే మూసుకుంటుంది. చోటు మార్చేటప్పుడు పడుకోబెట్టొద్దు. తప్పక పడుకోబెడితే నిలబెట్టాక కొన్ని గంటలు ఆగి ఆన్ చేయండి, కంప్రెసర్ ఆయిల్ కిందికి దిగాలి.

సరుకు విషయం. సీసాలు పడిపోతున్నాయని తీగ అరల మీద అట్టముక్కలు, పేపర్లు పరుస్తారు. చల్లగాలి కిందికి దిగేది ఆ సందుల్లోంచే. అట్ట వేస్తే పైఅర గడ్డకడుతుంది, కిందిది వెచ్చగా ఉంటుంది. లోపల పైనుండే ఫ్యాన్ ముందు కూడా నాలుగు వేళ్ల సందు ఉంచండి. కొత్త క్రేట్లు మధ్యాహ్నం గిరాకీలో దించి నింపొద్దు, రాత్రి కొట్టు కట్టేసే ముందు నింపితే తెల్లారేసరికి చల్లబడతాయి. చల్లటివి ముందుకు, కొత్తవి వెనక్కి. రాత్రి కరెంటు ఆదా అని ఫ్రిజ్ ఆపేస్తే, పొద్దున మొత్తం సరుకు మళ్లీ చల్లబరచాలి. అనుకున్నంత ఆదా మిగలదు.

థర్మోస్టాట్ నంబరు పెంచితే త్వరగా చల్లబడుతుందనుకోవడం భ్రమ. ఎంత చల్లదనం దగ్గర ఆగాలో మాత్రమే అది చెబుతుంది. మధ్యలో పెట్టండి. డిజిటల్ అయితే 3 లేదా 4 డిగ్రీలు. చివరికంటా తిప్పితే గాజు సీసాలు గడ్డకట్టి పగులుతాయి.

తలుపు రబ్బరు మధ్య కాగితం పెట్టి మూసి లాగండి. సులువుగా ఊడొస్తే అక్కడ గాలి దూరుతోంది. సబ్బునీళ్ల గుడ్డతో జిగురు, పంచదార పాకం తుడవండి, చాలాసార్లు దాంతోనే సరిపోతుంది. లోపల మంచు పేరుకుంటే ఆపేసి, తలుపు తెరిచి కరగనివ్వండి. కత్తితోనో స్క్రూడ్రైవర్‌తోనో పొడిచారంటే గొట్టానికి చిల్లు పడుతుంది, అప్పుడు నిజంగానే గ్యాస్ పోతుంది.

కరెంటు పోయి వెంటనే వచ్చే ఊళ్లలో టైమ్ డిలే ఉన్న స్టెబిలైజర్ పెట్టించండి. కంప్రెసర్ ఆగాక గొట్టాల్లో ఒత్తిడి సర్దుకోవడానికి మూడు నిమిషాలైనా పడుతుంది. ఈలోపు మళ్లీ స్టార్ట్ అవబోతే మోటారు మూలుగుతుంది. ఎర్తింగ్ లేని ప్లగ్ వద్దు, తడిచేతుల గిరాకీ మీది.

కంప్రెసర్ దగ్గర మంట గుర్తు, లేదా ఆర్600ఎ, ఆర్290 అని స్టిక్కర్ ఉంటే అది అంటుకునే గ్యాస్. గ్యాస్ పూర్తిగా బయటికి తీయకుండా గొట్టాలు అతికే మంట వెలిగించే మెకానిక్‌ని లోపలికి రానీయకండి. అలాంటి పని తలుపులు తెరిచి, గాలి ఆడేచోట జరగాలి. ఎంత గ్యాస్ పట్టేదీ రేటింగ్ ప్లేట్ మీద గ్రాముల్లో ఉంటుంది. కాటా లేకుండా ఉజ్జాయింపుగా ఎక్కించేవాడికి పని ఇవ్వకండి.

ఫ్రిజ్ మీకు కూల్‌డ్రింక్ కంపెనీ ఇచ్చినదైతే నాబోటి బయటివాళ్లతో గొట్టాలు విప్పించొద్దు. దాని మీది సర్వీస్ నంబరుకి ఫోన్ చేసి, ఫిర్యాదు నంబరు రాసుకోండి. దుమ్ము దులపడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు.